గుమ్మడి తీగ నేల మీదే ఎందుకు పాకింది

పోస్టు పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

మన ప్రాంతం చరిత్ర అనగానే మనకి రెండు సంవత్సరాలు బట్టీ పట్టించారు. 1879 రంప తిరుగుబాటు, 1922 మన్యం పోరాటం. అన్నవరం దాకా వస్తే ఇంకో రెండు కలుస్తాయి. 1891లో రత్నగిరి మీద సత్యనారాయణస్వామి గుడి, 1923 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు అన్నవరం పోలీస్ స్టేషన్‌కి వచ్చి వెళ్లడం. ఇవన్నీ తెలియాల్సినవే. కానీ ఆ తిరుగుబాటు చేసినోళ్లు ఏం తిని బతికారు, ఆ తిండి ఎలా పండించుకున్నారు అన్నది మాకు ఏ పరీక్షలోనూ ప్రశ్నగా రాలేదు. ఈ పోస్టు దాని గురించే. అందులోనూ ఒక్క పంట గురించి. గుమ్మడి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, గుమ్మడి తీగని నేల మీద పాకించే పని గురించి.

"పాకించడం ఒక పనా? దానంతటదే పాకుతుంది కదా" అని మా క్లాసులో డెల్టా వైపు నుంచి వచ్చిన ఫ్రెండ్ అడిగాడు. వాళ్ల వైపు బీరకీ కాకరకీ పందిరి వేస్తారు, సొర కూడా పందిరే. గుమ్మడి అయితే పెంట దిబ్బ మీద ఒక గింజ పడేస్తే పాక మీదకి ఎక్కిపోద్ది. కాబట్టి నేల మీద ఉన్న తీగ అంటే ఎవరూ పట్టించుకోని తీగ అని వాడి ఉద్దేశం. వాడిది తప్పేం లేదు, పుస్తకాలు కూడా పోడు గురించి దాదాపు ఇలాగే రాస్తాయి. చెట్లు నరికి, తగలబెట్టి, గింజలు చల్లి వదిలేస్తారు అని. ఆ "వదిలేస్తారు" అన్న మాట దగ్గరే మాకు పేచీ.

అన్నవరం నుంచి శంఖవరం మీదుగా కొండల్లోకి పోతే వచ్చే ఊళ్లు మావి. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్లం మేమే. పోయిన సెలవుల్లో మా అమ్మమ్మలనీ మేనత్తలనీ కూర్చోబెట్టి ఈ పని మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకున్నాం. చిన్నప్పుడు మేమూ చేసిన పనే, కానీ ఎందుకు చేస్తున్నామో అప్పుడు అడగలేదు.

కొండ వాలులో నాగలి పోదు. తవ్వుకోలతోనో గునపంతోనో ఒక గుంట తీస్తారు. కాలిన బూడిద ఎక్కువ చేరిన చోటైతే మంచిది, పెద్ద మోడు పక్కన లాగా. గుంటకి మూడు నాలుగు గింజలు వేసి, మొలిచాక బలమైన రెండు మొక్కలు ఉంచుతారు. గుంటకీ గుంటకీ మధ్య పది పన్నెండు అడుగులు వదులుతారు. ఆ మధ్య ఖాళీగా ఉండదు, సామ, చోడి, జొన్న, కంది, అనప, బొబ్బర్లు అన్నీ అందులోనే. తీగ రెండు మూరలు సాగేదాకా దాని జోలికి పోరు.

అక్కడి నుంచి అసలు పని. తీగ కొసని పట్టుకుని వాలుకి అడ్డంగా తిప్పుతారు. కొండ కిందికి వదిలేస్తే వాన నీళ్లు తీగ వెంబడే పారి మట్టిని కోసేస్తాయి, కాయ పెరిగాక ఆ బరువు తీగని కిందికి లాగేస్తది. తిప్పడానికీ ఒక వేళ ఉంది. పొద్దున్నే తీగ నీళ్లు పట్టి పెళుసుగా ఉంటది, వంచితే పుటుక్కున విరుగుతుంది. ఎండెక్కాక కొంచెం వాడి మెత్తబడినప్పుడు తిప్పాలి. అదీ ఒక్కసారి కాదు, రోజుకి కొంచెం. తిప్పిన చోట నుంచి జారకుండా రెండు పుల్లలు ఎదురుబొదురుగా గుచ్చుతారు.

తర్వాత కణుపుల పని. ప్రతి కణుపు కింద బొరిగెతో కాస్త నేల గీకి, తీగని అందులో కూర్చోబెట్టి, పైన పిడికెడు మట్టి వేసి అదుముతారు. ఆకు మాత్రం బయటే ఉండాలి. వారం పది రోజుల్లో ఆ కణుపు నుంచి వేరు దిగుతుంది. వేరు దిగిన తీగని ఎత్తకూడదు, తొక్కకూడదు. మేం చిన్నప్పుడు బంతి కోసమో పిట్ట కోసమో తీగల మీదుగా పరిగెత్తి తిన్న దెబ్బలన్నీ ఈ కణుపుల కోసమే అని ఇప్పుడు తెలిసింది. ఇలా కణుపు కణుపుకీ వేరున్న తీగకి మొదట్లో పురుగు పడ్డా, మొదలు కుళ్లినా, మిగతా తీగ బతికే ఉంటది. మెట్ట వాలులో పదిహేను రోజులు వాన మొహం చాటేసినా తట్టుకుంటది. ఒక్క మొదలు మీద ఆధారపడి పాక మీదకి ఎక్కిన తీగకి ఆ ధీమా లేదు.

కాయ నిలిచిన కణుపు దగ్గర మాత్రం మట్టి వెయ్యరు. కాయ లావయ్యే కొద్దీ తొడిమ పైకి లేస్తుంది, అక్కడ తీగ నేలకి అతుక్కుని ఉంటే తొడిమ చీలిపోతుంది. కాయ కింద ఎండుగడ్డి గానీ చదును రాయి గానీ పెడతారు, వాలు వైపు ఇంకో రాయి అడ్డం పెడతారు, దొర్లిపోకుండా. పిందెలు నాలుగైదు నిలిచాక తీగ కొస తుంచేస్తారు. తుంచిన కొసలు పారెయ్యరు, ఆ పూట కూర అదే.

ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. అందుకేనేమో ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇప్పుడు ఇంకో దేశం సంగతి చూడండి. అమెరికా, కెనడా, ఇంగ్లండుల్లో పెద్ద గుమ్మడికాయల పోటీలు జరుగుతాయి. 1900లో పారిస్ ప్రదర్శనకి కెనడా రైతు విలియం వార్నాక్ 400 పౌన్ల కాయ పట్టుకొచ్చాడు, మన లెక్కలో 181 కిలోలు. 1904లో సెయింట్ లూయిస్‌లో 403 పౌన్లతో తన రికార్డు తనే దాటాడు, దాన్ని 1976 దాకా ఎవరూ దాటలేదు. తర్వాత కెనడాలోనే నోవాస్కోషియాలో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి విత్తనం ఏరి ఏరి "అట్లాంటిక్ జెయింట్" అనే రకం తయారు చేశాడు. ఇప్పుడు పోటీలకొచ్చే పెద్ద కాయలన్నీ ఆ వంశమే. 2023లో అమెరికాలో ట్రావిస్ గీంజర్ పండించిన కాయ 1,247 కిలోలు తూగింది. ఒక చిన్న కారు బరువు.

ఈ పోటీ రైతులు తీగకి ఏం చేస్తారో వీడియోల్లో చూశాం. మొదటి తీగని తిన్నగా నేల మీద పరుస్తారు. పక్క తీగలని రెండు వైపులా చేపముల్లు లాగా సాగదీస్తారు. ఆ పక్క తీగలకి పుట్టిన పిల్ల తీగలని తుంచేస్తారు. ప్రతి కణుపునీ మట్టితో కప్పుతారు. తీగ తిప్పడానికి మధ్యాహ్నం దాకా ఆగుతారు, రెండు పుల్లలు గుచ్చి నిలబెడతారు. కాయ దగ్గర కణుపులని మాత్రం నేలకి అంటనివ్వరు, తొడిమ చీలకుండా. కాయ కింద ఇసుక పోస్తారు. అదే పని. తేడా అల్లా ఒకటే, వాళ్లు ఒక మొక్కకి ఒక్క కాయే ఉంచుతారు, మనం నాలుగైదు ఉంచుతాం. వాళ్లకి తూకం కావాలి, మనకి ఇంటిల్లిపాదికీ సరిపడా కావాలి. అక్కడ దాన్ని విద్య అంటున్నారు. సంతోషం. మా అమ్మమ్మలది కూడా అదే విద్య, ఆ పేరుతోనే పిలవమని అడుగుతున్నాం, అంతే.

ఇంతకీ గుమ్మడి మనది కాదు. ఇది చదివి కొందరికి కోపం రావొచ్చు, మాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. తియ్య గుమ్మడి అమెరికా ఖండాల మొక్క. మెక్సికోలో ఓహాకా దగ్గర గిలా నకిట్జ్ అనే గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. మొక్కజొన్న కన్నా ముందే అక్కడి మనుషులు దీన్ని సాగుకి తెచ్చుకున్నారు. కాయ బాగా పెద్దదయ్యే జాతి దక్షిణ అమెరికాది. అడవి రకాల కాయలు చిన్నవి, చేదు. ఆ చేదుని వదిలించి గుజ్జు పెంచింది అక్కడి ఆదివాసులే. 1492 తర్వాత ఓడలు తిరగడం మొదలయ్యాక మిరప, మొక్కజొన్న, బొప్పాయి, సీతాఫలం, జీడిమామిడి లాగే ఇదీ ఈ వైపుకి వచ్చింది. అంటే మన పాత సాహిత్యంలో అంతకుముందు గుమ్మడి అని కనపడితే అది బూడిద గుమ్మడి, సంస్కృతంలో కూష్మాండం. కొత్తగా వచ్చిన కాయకి పాత కాయ పేరే పెట్టి, ముందు "తియ్య" అని చేర్చుకున్నారు మన జనం.

మాకు ఆశ్చర్యం అనిపించింది మొక్క రావడం కాదు. మెక్సికో ఆదివాసుల పొలాన్ని మిల్పా అంటారు. అందులో మొక్కజొన్న నిలబడుతుంది, చిక్కుడు దాన్ని చుట్టుకుని ఎక్కుతుంది, గుమ్మడి కింద నేలంతా పరుచుకుంటుంది. పెద్ద ఆకుల నీడకి కలుపు లేవదు, తేమ ఆరదు, వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. గుమ్మడి ఆకు నూగుకి జంతువులు కూడా కొంచెం జంకుతాయి. మన పోడులో మొక్కజొన్న బదులు జొన్న, కంది. అనప పైకి ఎక్కుతుంది. గుమ్మడి కింద. ఒకరినొకరు ఎప్పుడూ చూడని రెండు జనాలు ఒకే అమరిక పెట్టుకున్నారు. గింజ ఓడ ఎక్కి వచ్చింది కానీ, కొండ వాలు మీద దాన్ని ఎలా పాకించాలో చెప్పడానికి ఓడలో ఎవరూ రాలేదు. ఆ భాగం మనవాళ్లు ఇక్కడే, ఈ రాళ్లల్లోనే కనుక్కున్నారు.

మరి కింద డెల్టాలో తీగ పాక మీదకి ఎందుకు ఎక్కింది? దీనికి మా లెక్క మాకుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు తవ్వారు, ఊళ్లకి ఊళ్లు వరి మడులయ్యాయి. గుమ్మడికి నిలవ నీరు పడదు, రెండు రోజులు నిలిస్తే వేరు కుళ్లుతుంది. వరి చేలో దానికి చోటు లేదు. మిగిలింది పెంట దిబ్బ, పాక కప్పు, చేను గట్టు, గోదావరి లంకల్లో ఇసుక నేల. కాబట్టి తీగ విచ్చలవిడిగా నేల మీద పాకడానికి చోటు మిగిలింది ఎక్కువగా మెట్టలో, మన కొండల్లో. సంక్రాంతి దప్పళానికి కాయ, ధనుర్మాసం గొబ్బెమ్మల నెత్తిన పసుపు పూవు డెల్టా వాళ్లకీ కావాలి. మా తాతలు కావిళ్ల మీద కాయలు వేసుకుని అన్నవరం దాకా నడిచేవాళ్లట. కావిడికి అటు రెండు ఇటు రెండు, అంతకన్నా మోయలేరు. తిరిగొచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు. కార్తీక మాసంలో కొండ కింద జనం పోటెత్తుతారు కాబట్టి ఆ నెలలో బేరం బాగుండేదని చెప్తారు. స్వామి దర్శనం చేసుకున్నోళ్లలో ఎంతమంది మన కాయ కొన్నారో గానీ, కాయ ఎక్కడిదని అడిగినోళ్లు లేరట.

ఇక ప్రభుత్వం వైపు నుంచి. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేచింది. మన్సబుదారు దోపిడీ, కల్లు మీద చిగురు పన్ను, షావుకార్ల అప్పుల కేసులు దానికి కారణాలు. అడ్డతీగల పోలీస్ స్టేషన్‌ని తగలబెట్టిన ద్వారబంధాల చంద్రయ్య ఆ పోరాటం వాడే. (అడ్డతీగల అన్న పేరులో కూడా తీగ వినపడుతుంది, మాకు ఆ ఊరి పేరంటే ఇష్టం.) తిరుగుబాటు అణిచాక 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు ఫారెస్టు గీతలు పడ్డాయి. గీత లోపల పోడు నేరమైంది. 1922 నాటికి ఆ కోపం, రోడ్డు పనికి జనాన్ని వెట్టికి తోలిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద కోపం కలిసి మన్యం మళ్లీ లేచింది. ఇదంతా మీకు తెలుసు. మేం చెప్పేది, ఆ గీతలు తీగకి ఏం చేశాయన్నది. పోడు తిరిగే జాగా తగ్గింది. ఒకే వాలుని మళ్లీ మళ్లీ కొట్టాల్సి వచ్చింది. బూడిద పలచబడింది. బూడిద లేని గుంటలో గుమ్మడి సాగదు, అది తిండిపోతు మొక్క.

1940ల మొదట్లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గోదావరి గట్టు కొండరెడ్లతో ఉండి, 1945లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. తవ్వుకోలతో వాలులో విత్తడం అందులో రాశాడు. బయటోళ్లలో ఇంత ఓపిగ్గా చూసిన వాళ్లు తక్కువ, ఆయనకి ఆ గౌరవం ఇవ్వాల్సిందే. అయినా చూసినాయన వేరు, తీగ తిప్పిన చెయ్యి వేరు. కణుపు మీద పిడికెడు మట్టి ఎందుకో ఆ చేతినే అడగాలి, ఆ చేతులు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నాయి.

తీగని నేల మీద నుంచి నిజంగా లేపేసింది మాత్రం జీడిమామిడి. మా వైపు కొండలు చూసిన వాళ్లకి చెప్పక్కర్లేదు. గింజకి డబ్బు వస్తుంది, మొక్కలు కూడా ఇచ్చారు, వేశాం. మేం చదువుకుంటున్నది కూడా ఆ పిక్కల డబ్బుతోనే, అందుకని దాన్ని తిట్టం. కానీ జీడి తోపు కమ్ముకున్నాక కింద ఎండ పడదు. ఎండ పడని చోట గుమ్మడి ఆకులేస్తుంది, పూస్తుంది, పిందె రాల్చేస్తుంది. ఇంక గడ్డిమందు వచ్చాక మిగిలిన ఒకటీ అరా కూడా పోయాయి. ఆ మందుకి గడ్డీ గుమ్మడీ ఒకటే.

దీనివల్ల పోయింది కూర ఒక్కటే కాదు. పండిన గుమ్మడిని తొడిమతో కోసి, నీడలో పెడితే నాలుగైదు నెలలు ఉంటుంది. వేసవిలో సామలు అయిపోయి, మామిడి టెంకల అంబలి మొదలయ్యే లోపు ఇంటిని నడిపింది ఈ కాయే. లేత ఆకు, పూవు, గుజ్జు, గింజ, పారేసేది తొక్క ఒక్కటే, అదీ పశువులకి.

ఇంకొకటి ఉంది, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న అటవీ భూమికి ఆదివాసులకి హక్కు ఇవ్వాలి, నాలుగు హెక్టార్ల దాకా. మా బంధువు ఒకాయన అలాగే దరఖాస్తు పెట్టుకున్నాడు. విచారణకి వచ్చినాయన వాలు చూసి "ఇక్కడ సాగు ఏముంది, తీగలు పాకి ఉన్నాయి అంతే" అన్నాడట. చెట్టు ఉంటే సాక్ష్యం. గట్టు ఉంటే సాక్ష్యం. తీగ ఏటా ఎండిపోతుంది, ఏ గుర్తూ మిగలదు. నేల మీద గుమ్మడి పాకించడం సాగు అని నిరూపించడానికి కాగితం లేదు. కానీ అదే చట్టం నియమాల్లో ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా తీసుకుంటే అది కూడా సాక్ష్యమే అని ఉంది. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పాలి. ఎక్కడ గుంట తీశారు, తీగని ఎటు తిప్పారు, ఏ రాయి దగ్గర కాయ నిలిపారు, ఏ సంవత్సరం. మన ముసలివాళ్లకి ఇవన్నీ వేళ్ల మీద ఉంటాయి. గ్రామసభ ముందు ఈ వివరాలు చెప్పించి రాయించాలి. రాయడం ఇప్పుడు మనకి వచ్చు కదా.

శంఖవరం, ప్రత్తిపాడు, రౌతులపూడి వైపు షెడ్యూల్డ్ ఏరియా బయట ఉండిపోయిన మన ఊళ్లవాళ్లు ఇది ఇంకా జాగ్రత్తగా చదవండి. 1/70 మన ఊళ్లకి వర్తించదు. అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. రెండూ ఒకటే అనుకుని, మనకేమీ రాదని దరఖాస్తే పెట్టని కుటుంబాలు మాకు తెలిసే ఉన్నాయి.

విత్తనం సంగతి చెప్పి ఆపేస్తాం. బజార్లో మంచి రకాలు లేవని కాదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క చందన్ రుచిగానే ఉంటుంది, కాయ రెండు మూడు కిలోలు, చిన్న కుటుంబానికి సరిపోతుంది. మేం వెతికింది ఇంటి రకాల కోసం. మా అమ్మమ్మలు గింజని బూడిదలో దొర్లించి, ఎండిన సొరబుర్రలో పోసి, పొయ్యి మీద అటకకి వేలాడదీస్తారు, పొగకి పురుగు పట్టదు. నాలుగు ఊళ్లు తిరిగితే మూడు రకాలు దొరికాయి. ఒకటి బల్లపరుపుగా, గాడులు పడి, చాన్నాళ్లు నిలవ ఉండేది. రెండోది పొడుగు మెడది, గుజ్జు ఎర్రగా ఉంటుంది. మూడోది బూడిద రంగు తొక్కతో బాగా పెద్దదయ్యేది, దాన్ని మోయడానికి ఇద్దరు కావాలని చెప్పారు గానీ మేం కాయ చూడలేదు, గింజే చూశాం. ఒక్కో రకం ఇరవై గింజలు చొప్పున బూడిదలో కలిపి సీసాల్లో పెట్టాం, మీద ఊరి పేరు, ఇచ్చినామె పేరు రాశాం. జ్యేష్ఠంలో తొలకరి పడగానే మా మావ వాళ్ల వాలులో, జీడి కొమ్మలు కొట్టి ఎండ తెచ్చిన చోట, తొమ్మిది గుంటలు తీస్తున్నాం. విత్తనం కావాల్సిన వాళ్లు కాయలు దిగాక, దీపావళి తర్వాత అడగండి. మీ ఇంట్లో వేరే రకం ఉంటే తెచ్చి మార్చుకోండి.